ఆ రోజు అలా జరగకపోయి ఉంటే

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవాల రెండో రోజు ఉదయం సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

మాట్లాడమని పిలిచినప్పుడే కార్యదర్శి గారు నాకొక షరతు పెట్టారు. అమెరికా గురించి చెప్పండి గానీ వీసాలు, ఉద్యోగాలు, డాలర్ల ఊసు మాత్రం ఎత్తకండి అన్నారు. అవి తీసేస్తే నా దగ్గర మిగిలేది ఆటలే. అందుకని అమెరికాలో కాలేజీ ఫుట్‌బాల్ గురించి, అందులో జరిగిన మలుపుల గురించి, జరిగి ఉండాల్సి జరగని మలుపుల గురించి చెబుతాను. ఇది మన బడికి కూడా సంబంధించిన సంగతే. ఎలాగన్నది చివర్లో చెబుతాను.

"అత్తకు మీసాలు మొలిస్తే మామ అవుతుంది" అని మన పెద్దలు ఎగతాళి చేసేవారు. జరిగిపోయినదాని గురించి "అలా అయ్యుంటే, ఇలా అయ్యుంటే" అనడం గతజల సేతుబంధనం అనేవారు మా తెలుగు మాస్టారు. నీళ్లు పోయాక కట్ట వేయడం అన్నమాట. అయినా మనం మానతామా? నిన్న సాయంత్రం పరిచయ కార్యక్రమంలో విన్నవన్నీ అవే. "ఆ ఏడాది పాలిటెక్నిక్‌లో సీటొచ్చి ఉంటే", "మా నాన్న ఆ రెండెకరాలు అమ్మకుండా ఉంటే", "మాస్టారు ఆ రోజు మా ఇంటికి రాకపోయి ఉంటే". అమెరికాలో కాలేజీ ఫుట్‌బాల్ అభిమానులకు ఏడాది పొడుగునా ఇదే కాలక్షేపం. నేనుండే టెక్సస్‌లో శనివారం వచ్చిందంటే ఊరు ఊరంతా మైదానం వైపే నడుస్తుంది. లక్ష మందికి పైగా కూర్చునే కాలేజీ మైదానాలు ఆ రాష్ట్రంలోనే రెండున్నాయి. అక్కడికి ఎంఎస్ చదవడానికి వచ్చిన మన పిల్లలు మొదటి శనివారం బండి పెట్టుకునే చోటు దొరక్క తిట్టుకుంటారు. రెండో ఏడాదికి వాళ్లూ అదే రంగు చొక్కా వేసుకుని కేకలు పెడుతుంటారు.

ముందు ఆట గురించి రెండు ముక్కలు. దాన్ని ఫుట్‌బాల్ అంటారు గానీ కాలితో ఆడేది తక్కువ. జట్టుకు 11 మంది. బంతి ఉన్న జట్టుకు 4 ప్రయత్నాలు ఇస్తారు, ఆ నాలుగింటిలో 10 గజాలు ముందుకు పోవాలి. పోతే మరో 4 ప్రయత్నాలు, పోకపోతే బంతి అవతలివాళ్లకు. ఇలా జరుపుకుంటూ చివరి గీత దాటితే టచ్‌డౌన్, 6 పాయింట్లు. దాని తర్వాత ఒక అదనపు అవకాశం ఉంటుంది. బంతిని తన్ని కమ్మీల మధ్య నుంచి పంపితే 1 పాయింటు, మళ్లీ గీత దాటిస్తే 2. గీత దాకా పోలేమనుకుంటే దూరం నుంచే కమ్మీల మధ్యకు తన్నవచ్చు, దానికి 3. కబడ్డీలో గీత కోసం పెనుగులాట మనకు కొత్త కాదు కాబట్టి ఈపాటి చాలు.

ఇక మొదటి కథ. 1984 జనవరి 2, మయామీలో ఆరెంజ్ బౌల్ మ్యాచ్. నెబ్రాస్కా ఆ సీజన్లో ఒక్క మ్యాచ్ కూడా ఓడలేదు, సగటున మ్యాచ్‌కు 52 పాయింట్లు కొట్టింది. దేశంలో మొదటి ర్యాంకు దానిదే. ఎదురుగా సొంత ఊళ్లో ఆడుతున్న మయామీ. ఎవరూ అనుకోని విధంగా మయామీ 31-17 ఆధిక్యంలోకి వెళ్లింది. నెబ్రాస్కా తేరుకుని, 48 సెకన్లు మిగిలి ఉండగా టచ్‌డౌన్ కొట్టి 31-30కి తెచ్చింది. ఇప్పుడు తేలికైన తన్నుతో 1 పాయింటు తీసుకుంటే 31-31, సమానం. ఆ రోజుల్లో కాలేజీ ఫుట్‌బాల్‌లో అదనపు సమయం లేదు, మ్యాచ్ సమంగానే ముగుస్తుంది. ఓటమి లేని జట్టు కాబట్టి జాతీయ విజేత కిరీటం నెబ్రాస్కాకే దక్కుతుందని దాదాపు అందరి లెక్క.

కోచ్ టామ్ ఆస్బోర్న్ సమం చేయడానికి ఒప్పుకోలేదు. గెలవడానికి వచ్చాం, గెలుపు కోసమే ఆడతాం అన్నట్టు 2 పాయింట్ల ప్రయత్నానికే దిగాడు. టర్నర్ గిల్ విసిరిన బంతి జెఫ్ స్మిత్ చేతికి చేరేలోపు మయామీ ఆటగాడు కెన్నీ కాల్హౌన్ చేయి తగిలి పక్కకు పోయింది. 31-30తో మయామీ గెలిచింది. ఐదో ర్యాంకులో ఉన్న మయామీ ఆ ఒక్క రాత్రితో జాతీయ విజేత అయింది. ఆ తర్వాత 1987, 1989, 1991లలో కూడా గెలిచి ఒక దశాబ్దం పాటు రాజ్యమేలింది.

ఆ చేయి తగలకపోయి ఉంటే? ఆస్బోర్న్ 1 పాయింటు తీసుకుని ఉంటే? నెబ్రాస్కా అభిమానులు నలభై ఏళ్లుగా ఇదే తవ్వుకుంటున్నారు. నాకు మాత్రం ఆ తర్వాత జరిగింది ముఖ్యం. ఆస్బోర్న్‌కు కిరీటం రావడానికి మరో 11 సీజన్లు పట్టింది. 1994లో వచ్చింది, 1995లో వచ్చింది, 1997లో మళ్లీ వచ్చింది. 25 ఏళ్లలో 255 మ్యాచ్‌లు గెలిచి ఆయన విరమించాడు. ఆయన పేరెత్తితే అక్కడివాళ్లు ఆ మూడు కిరీటాల కంటే ముందు, రాని ఆ ఒక్క కిరీటం గురించి చెబుతారు. అదీ గర్వంగా చెబుతారు.

రెండో కథలో రెండు ముక్కలున్నాయి, రెండూ ఒక్క సెకను గురించే. 2009 డిసెంబరు 5న టెక్సస్, నెబ్రాస్కా మ్యాచ్. టెక్సస్ 12-10తో వెనకబడి ఉంది. కోల్ట్ మెకాయ్ బంతిని గీత బయటకు విసిరేసరికి గడియారం సున్నా చూపించింది. నెబ్రాస్కావాళ్లు గెలిచామనుకుని మైదానంలోకి ఉరికారు. అంపైర్లు వీడియో చూసి ఒక సెకను వెనక్కి పెట్టారు. ఆ సెకనులో హంటర్ లారెన్స్ 46 గజాల నుంచి తన్ని 3 పాయింట్లు తెచ్చాడు. 13-12తో టెక్సస్ గెలిచి జాతీయ ఫైనల్‌కు పోయింది. ఆ సెకను ఇవ్వకపోయి ఉంటే, ఓటమి ఎరగని సిన్సినాటి, టీసీయూలలో ఒకటి ఫైనల్‌కు వెళ్లేదేమో. పెద్ద పేర్లు లేని ఆ కాలేజీల రాత మారేదేమో.

నాలుగేళ్ల తర్వాత, 2013 నవంబరు 30న, ఆబర్న్, అలబామా మ్యాచ్. స్కోరు 28-28. గడియారం సున్నా అయింది. అలబామా కోచ్ నిక్ సేబన్ ఒక సెకను మిగిలి ఉందని పట్టుబట్టాడు. వీడియో చూసి ఇచ్చారు. 57 గజాల నుంచి తన్నించాడు. బంతి కమ్మీల దాకా చేరలేదు. అక్కడ నిలబడి ఉన్న క్రిస్ డేవిస్ దాన్ని పట్టుకుని మైదానం ఈ కొస నుంచి ఆ కొసదాకా పరిగెత్తి టచ్‌డౌన్ చేశాడు. 34-28తో ఆబర్న్ గెలిచింది. వరసగా మూడో కిరీటం కోసం ఆడుతున్న అలబామా, తాను అడిగి తీసుకున్న సెకనులోనే ఓడిపోయింది. ఒక ఊళ్లో వరమైన సెకను ఇంకో ఊళ్లో శాపమైంది.

వింటుంటే బాగున్నాయి కదా. అయితే ఇవి నిజంగా చరిత్ర మార్చిన మలుపులేనా? నేను ఒక చిన్న పరీక్ష పెట్టుకుంటాను. ఆ సంఘటనను తీసేసి, ఇరవై ఏళ్లు ముందుకెళ్లి చూడాలి. కప్పు మీద పేరు మాత్రమే మారితే అది అదృష్టం. మైదానంలో ఉన్న మనుషులే మారిపోతే అది మలుపు. ఈ పరీక్షలో ఒక్క సెకను కథలు నిలబడవు. 2009లో అన్ని గొడవల మధ్య ఫైనల్‌కు వెళ్లిన టెక్సస్, మెకాయ్ భుజానికి మొదట్లోనే దెబ్బ తగలడంతో అలబామా చేతిలో 37-21తో ఓడింది. 2013లో ఆబర్న్ కూడా ఫైనల్లో 34-31తో ఓడింది. అలబామా రెండేళ్ల తర్వాత మళ్లీ కప్పు ఎత్తింది. సెకను అటైనా ఇటైనా ఆట తన దారిన తాను పోయింది.

ఈ సేబన్ అసలు అలబామాకు ఎలా వచ్చాడో చూస్తే అదృష్టం ఎంత దూరం పాకగలదో తెలుస్తుంది. 2006లో ఆయన మయామీ డాల్ఫిన్స్ అనే ప్రొఫెషనల్ జట్టు కోచ్. భుజానికి పెద్ద దెబ్బ తగిలి కోలుకుంటున్న డ్రూ బ్రీస్ అనే క్వార్టర్‌బ్యాక్‌ను తీసుకోవాలా వద్దా అన్న ప్రశ్న వచ్చింది. ఆ జట్టు డాక్టర్లు భుజం మీద నమ్మకం లేదన్నారు. వేరొకరిని తీసుకున్నారు. ఆ సీజన్లో 6 గెలుపులు, 10 ఓటములు. 2007 జనవరిలో సేబన్ అలబామాకు వెళ్లిపోయి, అక్కడ 6 జాతీయ కిరీటాలు గెలిచాడు. బ్రీస్ న్యూ ఆర్లీన్స్‌కు పోయి 2010 ఫిబ్రవరిలో సూపర్ బౌల్ గెలిచాడు. ఎక్కడ గెలిచాడంటే, తనను వద్దన్న మయామీ జట్టు సొంత మైదానంలో. ఒక డాక్టరు గదిలో చెప్పిన మాట ఇంత పని చేసింది. అయినా అది కూడా గెలిచినవాళ్ల జాబితానే మార్చింది.

ఇప్పుడు అసలు మలుపులకు వద్దాం. వీటిలో చప్పట్లు లేవు, చివరి సెకను లేదు. అన్నీ బల్ల చుట్టూ కూర్చుని తీసుకున్న నిర్ణయాలు.

1905. అప్పటి ఆటలో బంతిని ముందుకు విసరడం నిషేధం. గుంపుగా చేతులు కలుపుకుని ఎదుటివాళ్ల మీద పడి తొక్కుకుంటూ పోవడమే ఎత్తుగడ. పత్రికల లెక్క ప్రకారం ఆ ఒక్క సీజన్లో దాదాపు 18 మంది చనిపోయారు, అందులో స్కూలు పిల్లలూ ఉన్నారు. హార్వర్డ్ అధ్యక్షుడు చార్లెస్ ఎలియట్ ఈ ఆటే వద్దన్న మనిషి. దేశాధ్యక్షుడు థియొడోర్ రూజ్‌వెల్ట్‌కు ఆటంటే ఇష్టం, ఆయన కొడుకు హార్వర్డ్‌లో ఆడుతున్నాడు కూడా. అక్టోబరు 9న హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్ ప్రతినిధులను వైట్‌హౌస్‌కు పిలిచి ఆటను మార్చుకోమన్నాడు. నవంబరులో యూనియన్ కాలేజీ కుర్రవాడొకడు మైదానంలో దెబ్బ తగిలి చనిపోయాడు. ఎదుటి జట్టు న్యూయార్క్ విశ్వవిద్యాలయానిది. దాని అధిపతి హెన్రీ మెక్రాకెన్ కాలేజీలన్నిటినీ సమావేశానికి పిలిచాడు. డిసెంబరు 28న 62 కాలేజీలు కూడి ఒక సంఘం పెట్టుకున్నాయి. దాన్నే ఇప్పుడు ఎన్‌సీఏఏ అంటున్నాం.

గుంపును చెదరగొట్టాలి, ఎలా? మైదానాన్ని వెడల్పు చేద్దామని ఒక ప్రతిపాదన వచ్చింది. చోటు పెరిగితే ఆటగాళ్లు విడిపోతారు, తొక్కిసలాట తగ్గుతుంది. కానీ హార్వర్డ్ 1903లోనే కాంక్రీటుతో పెద్ద స్టేడియం కట్టేసింది. కాంక్రీటు గోడ జరగదు. అందుకే రెండో దారి పట్టారని చరిత్రకారులు చెబుతారు: 1906లో బంతిని ముందుకు విసరడాన్ని అనుమతించారు. నేడు మనం చూసే ఆటంతా ఆ విసురు మీదే నడుస్తోంది. హార్వర్డ్‌వాళ్లు ఎప్పటిలా చెక్క బల్లలతో సరిపెట్టుకుని ఉంటే, అమెరికా వాళ్లు ఇవాళ వెడల్పాటి మైదానంలో వేరే ఏదో ఆట ఆడుతుండేవారు.

అదేమిటో ఊహించడానికి ఆధారం కూడా ఉంది. ఆ గొడవల్లో కొలంబియా ఫుట్‌బాల్‌ను మానేసింది. పడమటి తీరంలో స్టాన్‌ఫర్డ్, కాలిఫోర్నియా విశ్వవిద్యాలయాలు 1906లో రగ్బీకి మారాయి, చాలా ఏళ్లు అదే ఆడాయి. ఫలితం? 1920, 1924 ఒలింపిక్స్‌లో రగ్బీ స్వర్ణ పతకం అమెరికాది. ఆ జట్లలో ఎక్కువమంది ఆ ప్రాంతం కుర్రాళ్లే. రగ్బీ పుట్టిన దేశాలకు రాని పతకం, ఆ ఆటను ఇప్పుడు పెద్దగా పట్టించుకోని దేశానికి రెండుసార్లు వచ్చింది. 1906 నిబంధనలు విఫలమై ఉంటే దేశమంతా అదే దారిలో పోయేదనడం అంత వింతేమీ కాదు.

తర్వాతది 1970 సెప్టెంబరు 12. అలబామా రాష్ట్రం, బర్మింగ్‌హామ్. 1963లో గవర్నర్ జార్జ్ వాలెస్ నల్లజాతి విద్యార్థులు చేరకుండా అలబామా విశ్వవిద్యాలయం తలుపు దగ్గర నిలబడ్డ సంగతి కొందరికి తెలిసే ఉంటుంది. ఏడేళ్ల తర్వాత కూడా ఆ మైదానంలో ఆడే అలబామా జట్టులో అందరూ తెల్లవాళ్లే. కోచ్ బేర్ బ్రయంట్, అక్కడ ఆయన దేవుడితో సమానం. ఆ రోజు కాలిఫోర్నియా నుంచి యూఎస్‌సీ జట్టు వచ్చింది. సామ్ కన్నింగ్‌హామ్ అనే నల్లజాతి కుర్రవాడు 135 గజాలు పరిగెత్తి 2 టచ్‌డౌన్లు కొట్టాడు. యూఎస్‌సీ 42-21తో గెలిచింది. ఆ జట్టులోనే ఆడిన క్లారెన్స్ డేవిస్ పుట్టింది బర్మింగ్‌హామ్‌లోనే. పుట్టిన ఊళ్లో పెద్ద జట్టు తలుపు తనలాంటివాళ్లకు మూసి ఉంటే, పరాయి జట్టు చొక్కా వేసుకుని అదే ఊళ్లో ఆడాడు.

ఆ ఒక్క మ్యాచ్ దక్షిణాది కళ్లు తెరిపించిందని, ఆ రాత్రే అలబామా మారిందని అందరూ చెప్పుకుంటారు. చక్కటి కథ. కానీ మన పరీక్ష పెట్టి చూడండి. ఆ మ్యాచే జరగకపోయి ఉంటే అలబామా జట్టు అలాగే ఉండిపోయేదా? ఉండేది కాదు. నల్లజాతి ఆటగాళ్లను ఎందుకు తీసుకోవడం లేదని 1969లోనే అక్కడి నల్లజాతి విద్యార్థులు కోర్టుకెక్కారు. విల్బర్ జాక్సన్ అనే కుర్రవాడికి స్కాలర్‌షిప్ అప్పటికే ఇచ్చేశారు. ఆ మ్యాచ్ రోజున అతను విశ్వవిద్యాలయంలో మొదటి ఏడాది విద్యార్థి. మొదటి ఏడాదివాళ్లు పెద్ద జట్టులో ఆడకూడదన్నది అప్పటి నియమం కాబట్టి గ్యాలరీలోంచి చూశాడు. మరుసటి ఏడాది జాన్ మిచెల్ అలబామా తరఫున మైదానంలోకి దిగిన మొదటి నల్లజాతి ఆటగాడయ్యాడు. 1971లో అదే యూఎస్‌సీ మీద, వాళ్ల ఊళ్లో, 17-10తో గెలిచిన జట్టులో ఉన్నాడు. 1972లో జట్టు కెప్టెన్లలో ఒకడయ్యాడు.

అంటే కన్నింగ్‌హామ్ పరుగు చిన్నదని కాదు. మనసులు కరగడానికి అది పనికొచ్చి ఉంటుంది. కానీ తలుపు తీసింది కోర్టు మెట్లెక్కిన విద్యార్థులు, సంతకం పెట్టిన కుర్రవాడి తల్లిదండ్రులు. వాళ్ల ఫొటోలు ఎవరి గోడ మీదా ఉండవు. టెక్సస్‌లో కూడా ఇంతే. డల్లాస్‌లోని ఎస్ఎంయూ కాలేజీ కోచ్‌గా రమ్మని అడిగినప్పుడు, నల్లజాతి ఆటగాణ్ని తీసుకోనిస్తేనే వస్తానని హేడెన్ ఫ్రై షరతు పెట్టాడు. అలా వచ్చిన జెర్రీ లెవయాస్ 1966లో ఆడాడు. చంపుతామన్న బెదిరింపుల మధ్య ఆడాడు, ఆ ఏడాదే కాలేజీకి కాన్ఫరెన్స్ కప్పు తెచ్చాడు. అక్కడ మలుపు ఏ మ్యాచ్‌లో ఉంది? ఉద్యోగంలో చేరకముందు ఫ్రై చెప్పిన ఆ ఒక్క మాటలో ఉంది.

మూడోది ఎవరూ ఫుట్‌బాల్ లెక్కలో వేయనిది. 1972లో అమెరికా టైటిల్ నైన్ అనే చట్టం చేసింది. ప్రభుత్వ సొమ్ము తీసుకునే ఏ విద్యాసంస్థా ఆడ, మగ తేడా చూపకూడదని దాని సారాంశం. మూల వాక్యం ఇంగ్లిష్‌లో 37 మాటలు, అందులో ఆటల ప్రస్తావనే లేదు. కాలేజీలు ఉలిక్కిపడ్డాయి, ఫుట్‌బాల్ ఖర్చును కూడా ఈ లెక్కలో కలుపుతారా అని. 1974లో టెక్సస్ సెనేటర్ జాన్ టవర్, ఆదాయం తెచ్చే ఆటలకు ఈ చట్టం వర్తించకూడదని సవరణ తెచ్చాడు. తుది చట్టంలోకి అది రాలేదు. వచ్చి ఉంటే మైదానాల్లో పెద్ద ముక్కను లెక్క నుంచి తప్పించేసి, మిగిలినదాన్ని ఆడపిల్లలకు సమానంగా పంచామని చెప్పుకునేవారు. 1991లో మహిళల సాకర్ మొదటి ప్రపంచ కప్పు గెలిచింది అమెరికా. కాలేజీ మైదానాల్లో తయారైన అమ్మాయిలు వాళ్లు. ఓ సవరణ ఆగిపోయిన రోజు ఎవరూ టపాసులు కాల్చలేదు.

అన్ని తలుపులూ మంచివైపే తెరుచుకోవు, అదీ చెప్పాలి. టీవీలో ఎన్ని మ్యాచ్‌లు చూపాలో, ఏ కాలేజీవి ఎన్నిసార్లు చూపాలో ఎన్‌సీఏఏ నిర్ణయించేది. ఓక్లహోమా, జార్జియా విశ్వవిద్యాలయాల తరఫున కోర్టుకెళ్తే, 1984లో సుప్రీంకోర్టు 7-2 తీర్పుతో ఆ అధికారాన్ని కొట్టేసింది. ఒప్పుకోని ఇద్దరిలో ఒకరు జస్టిస్ బైరన్ వైట్. ఆయన 1930లలో కొలరాడో విశ్వవిద్యాలయంలో గొప్ప ఫుట్‌బాల్ ఆటగాడు. కాలేజీ ఆటను ఒట్టి వ్యాపారంగా చూడకూడదన్నది ఆయన వాదన. ఓడిపోయింది. తర్వాత టీవీ డబ్బు వరదలా వచ్చింది. ఇప్పుడు పసిఫిక్ తీరంలోని స్టాన్‌ఫర్డ్, కాలిఫోర్నియా 2024 నుంచి "అట్లాంటిక్ కోస్ట్" కాన్ఫరెన్స్‌లో ఆడుతున్నాయి. మన శ్రీకాకుళం బడి సౌరాష్ట్ర లీగులో ఆడినట్టు. అదే డబ్బు వల్ల, దశాబ్దాల తరబడి ఉచితంగా ఒళ్లు హూనం చేసుకున్న ఆటగాళ్లకు 2021 నుంచి తమ పేరు మీద సంపాదించుకునే హక్కు, 2025 నుంచి కాలేజీలే నేరుగా చెల్లించే పద్ధతి వచ్చాయి. మంచీ చెడూ ఒకే తలుపులోంచి వచ్చాయి.

మిత్రులారా, ఇక మన సంగతి. మధ్యాహ్నం సర్వసభ్య సమావేశంలో స్వర్ణోత్సవ నిధి గురించి నిర్ణయం తీసుకోబోతున్నాం. ఆట స్థలానికి తూర్పు వైపు గోడ పొడుగునా ఆరు మెట్ల కాంక్రీటు గ్యాలరీ కట్టి, మెట్ల మీద దాతల పేర్లు చెక్కించాలన్నది ప్రతిపాదన. నక్షా నేనూ చూశాను. ఆలోచన మంచిదే. ఎండలో నిలబడి మ్యాచ్‌లు చూసిన మనకు కూర్చునే చోటుండాలన్న కోరికలో తప్పులేదు.

కానీ ఆ తూర్పు పట్టీలోనే ఆడపిల్లల ఖో ఖో కోర్టు ఉంది. నిన్న సాయంత్రం అక్కడే తొమ్మిదో తరగతి అమ్మాయిలు ఆడితే మనమంతా చప్పట్లు కొట్టాం. మా రోజుల్లో డ్రిల్లు పీరియడు వస్తే మగపిల్లలు మైదానంలోకి, ఆడపిల్లలు వరండాలో కుట్టుపనికి. ఆ వరండా నుంచి ఆ పట్టీ దాకా రావడానికి మన ఆడపిల్లలకు ఎన్నేళ్లు పట్టిందో ఇక్కడున్న అక్కలకు తెలుసు. మెట్లు కడితే వాళ్లను మగపిల్లల క్రికెట్ పిచ్ పక్కకు జరపాలి. కొన్నాళ్లు జరుపుతారు. తర్వాత ఏమవుతుందో మనకు తెలియనిది కాదు. కాంక్రీటు పోశాక జరపడం ఎవరి వల్లా కాదు, హార్వర్డ్ వల్లే కాలేదు.

అందుకని నా మనవి రెండు మాటలు. గ్యాలరీని పడమర వైపు కడదాం. అక్కడ నేల పల్లం, పునాది ఖర్చు పెరుగుతుందని మన ఇంజనీరు తమ్ముడు లెక్క వేసి చెప్పాడు. ఆ పెరిగే ఖర్చు మా బ్యాచ్ భరిస్తుంది, నిన్న రాత్రి మాట్లాడుకున్నాం. రెండోది, మెట్ల కంటే ముందు ఆడపిల్లలకు బట్టలు మార్చుకునే గది, నీళ్లున్న మరుగుదొడ్డి కట్టిద్దాం. ఎనిమిదో తరగతి దాటాక ఆటలు ఎందుకు మానేస్తున్నారని నిన్న ఇద్దరు అమ్మాయిలను అడిగితే, వాళ్లు సిగ్గుపడుతూ చెప్పిన కారణం అదొక్కటే. మెట్ల మీద మా బ్యాచ్ పేరు లేకపోయినా మాకు పట్టింపు లేదు.

పెద్దలు, ఇంజనీర్లు, లెక్కలు తెలిసినవారు ఇక్కడ చాలామంది ఉన్నారు. నా మాటలో లోపముంటే మధ్యాహ్నం సమావేశంలో సరిచేయండి. ఓటు మాత్రం ఒకసారి తూర్పు వైపు నడిచి, ఆ సున్నపు గీతలు చూసి వచ్చాకే వేయమని కోరుతున్నాను.